గార్వీ ఇంట పెట్టని పేరు

స్కాట్లండు నుంచి సముద్రం దాటి ఈ నది ఒడ్డుకు చేరిన మా స్కాట్లు వంశావళిని కాగితం మీద రాసుకోరు. రాయడం వచ్చినవాడుంటే కదా రాసుకోవడానికి! తాతముత్తాతలను పిల్లల పేర్లలో దాచుకుంటారు. పెద్దకొడుక్కి తండ్రివైపు తాత పేరు, రెండోవాడికి తల్లివైపు తాత పేరు, మూడోవాడికి తండ్రి పేరే. ఆడపిల్లల్లో పెద్దదానికి అమ్మమ్మ పేరు, తర్వాతిదానికి నాయనమ్మ పేరు. ఒక పిల్లవాడు చచ్చిపోతే వాడి పేరును తర్వాత పుట్టినవాడికి పెడతారు, పేరు కూడా మట్టిలో కలిసిపోకూడదని. బతికున్నవాడి పేరు మాత్రం ఇంకో తోబుట్టువుకు పెట్టరు. ఎవరి గుమ్మం ముందైనా నిలబడి, పొద్దుగూకే వేళ తల్లి పిల్లల్ని లోపలికి పిలుస్తుంటే వినండి, ఆ ఇంటి ముందు తరాలు తెలిసిపోతాయి.

ఒక్క గార్వీల ఇంట్లోనే ఇది కుదరదు. నినియన్ గార్వీ తండ్రి పేరు ఫిన్లే. ఆ ఇంట్లో ఫిన్లే అనేవాడు లేడు. దీని మీద ఊళ్ళో మాటకారులు తలా ఒక కథ అల్లారు. నినియన్ పెళ్ళాం చాటు మొగుడనీ, తండ్రితో కొట్లాడి ఇల్లు విడిచాడనీ, అసలు తండ్రెవరో తెలియనివాడనీ. నాకు సంగతి తెలుసు. ఊరి మంత్రసానిని నేనే, ఆ ఇంటి పిల్లలందరినీ ఈ చేతులతోనే పట్టాను. అయినా ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. నాకు నోటి దురుసు ఉందంటారు. ఉంది. దురుసు వేరు, చాడీలు వేరు. మొన్న ఆకులు రాలే కాలంలో నినియన్‌ను పాతిపెట్టాం. ఆ రోజు అతని భార్య హొనోరాయే అందరి ముందు నోరు విప్పింది గనక ఇక నేను దాచాల్సిందేమీ లేదు.

నేను పుట్టుకతో స్కాట్‌ను కాను. డెవన్ నుంచి పనిమనిషిగా వచ్చిన ఇంగ్లీషుదాన్ని, పేరు దమారిస్. నా పెనిమిటి డంకన్, నినియన్ ఒకే ఓడలో వచ్చారు. వచ్చారనడం తప్పు, తెచ్చారు. డన్‌బార్ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఓడిపోయి పట్టుబడ్డవాళ్ళు ఇద్దరూ. నినియన్‌కి యుద్ధం ఎందుకో కూడా తెలియదు. క్రెయిగ్‌నార్ అనే కొండవాలు ఊళ్ళో కౌలుకు ఓట్స్ ధాన్యం పండించుకునే మనిషి. ఊరి దొర ఇంటికొకణ్ణి పంపాలన్నాడు, ఇతను వెళ్ళాడు. తెల్లవారే వేళ వానలో యుద్ధం మొదలైంది, పొయ్యి మీద జావ ఉడికేలోపు అయిపోయింది. ఆ తర్వాత ఇంగ్లీషు సైన్యం వీళ్ళను దక్షిణానికి నడిపించింది. తిండి లేదు. దారిలో ఒక తోటలోకి తోలితే క్యాబేజీలు పచ్చివే వేర్లతో సహా నమిలి తిన్నారట. దాంతో కడుపులు చెడి ఎంతోమంది దారి పొడవునా రాలిపోయారు. మిగిలినవాళ్ళను ఒక పెద్ద చర్చిలో పెట్టి తలుపులు వేశారు. చలికి చర్చిలోని బల్లలన్నీ విరిచి మంట వేసుకున్నారు. ఇవన్నీ నాకు డంకన్ చెప్పినవే. నినియన్ చెప్పేవాడు కాదు. జీవితాంతం క్యాబేజీ ముట్టలేదు, అంతే.

అక్కడి నుంచి ఓడ, ఓడ నుంచి ఈ నది, నది మీద రంపపు మిల్లు. యజమాని దగ్గర వెట్టి ఇన్నేళ్ళని రాసి తెచ్చారు. డంకన్, నినియన్ ఒకే ఎడ్ల జత మీద పనిచేశారు. మంచు మీద పైన్ మానులు మిల్లుకు ఈడ్చుకురావడం వాళ్ళ పని. ఏళ్ళు తీరాక మొద్దులు నిండిన చెరొక ముక్క నేల ఇచ్చి, పొమ్మన్నారు. పక్కపక్కనే గుడిసెలు వేసుకున్నారు. డంకన్ నన్ను చేసుకున్నాడు. నినియన్ మాత్రం ఒంటరిగా ఉండేవాడు. ఎడమచేతి వాటం మనిషి, గొడ్డలి ఎడమవైపు నుంచి తిప్పుతుంటే పక్కన నిలబడడానికి భయం వేసేది. పనిలో రాక్షసుడు, మాటలో పిసినారి.

అలాంటివాణ్ణి హొనోరా పట్టింది. ఐర్లండు పిల్ల, కింది రేవులో ఓడ వ్యాపారి ఇంట్లో దాసీ. నల్లజుట్టు, పెద్ద గొంతు. నినియన్ మొద్దుల మధ్య ఓట్స్ గింజలు చల్లుతుంటే కంచె మీద కూర్చుని ఏడిపించేదట.

"ఏమయ్యా, ఇక్కడ మొక్కజొన్న తప్ప ఏదీ పండదని లోకమంతా మొత్తుకుంటుంటే, నువ్వేంటి పిట్టలకు తద్దినం పెడుతున్నావు?"

"పండుతుంది" అన్నాడట ఈయన.

"పండితే నాకో రొట్టె పంపు. పండకపోతే నేనే నీకో రొట్టె పంపుతా, ఏడుస్తూ తిందువుగాని."

పండాయి. పిడికెడు పండాయి. నినియన్ వాటిని తిరగలిలో విసిరి రొట్టె కాల్చి రేవు దాకా నడిచి వెళ్ళి ఇచ్చివచ్చాడు. ఆ రొట్టెలో ఏముందో నాకు తెలియదు గానీ, మరుసటి వసంతానికి పెళ్ళయింది. మేజిస్ట్రేటు ఇద్దరినీ తన ముందు నిలబెట్టి, ఈ పెళ్ళికి అడ్డేమైనా ఉందా అని అడిగాడు. నినియన్ లేదన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ మాట అనడానికి అతనికి కొంచెం ఎక్కువ సేపే పట్టింది. మాట పిసినారి కదా అనుకున్నాను.

పెద్దవాడు పుట్టాడు. ఇక్కడి పద్ధతి ఏమిటంటే, బిడ్డను నేను గుడ్డలో చుట్టి తండ్రి చేతికి ఇస్తాను, తండ్రి పొయ్యి ముందు నిలబడి, కాన్పు కోసం ముందే కాచి ఉంచిన నొప్పుల బీరు తాగడానికి వచ్చిన ఆడవాళ్ళందరి ముందూ పేరు పైకి చెబుతాడు. పాస్టరుగారు నెలకోసారి వస్తే గొప్ప, ఆయన నీళ్ళు చల్లేది తర్వాత. నేను బిడ్డను ఇస్తూ, "పట్టుకో, చిన్న ఫిన్లే వచ్చాడు" అన్నాను. పెద్దకొడుకు కదా, వేరే మాట ఎందుకు వస్తుంది?

"కార్మక్" అన్నాడు నినియన్.

కార్మక్ అంటే హొనోరా తండ్రి. ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. హొనోరా మాత్రం ఆ పచ్చి ఒంటితోనే మంచం మీద లేచి కూర్చుని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. తన తండ్రికి అంత గౌరవం ఇచ్చాడని. ఆ ఏడాదంతా నేల మీద నడిస్తే ఒట్టు. కనబడ్డవాళ్ళందరికీ, "మా ఆయన సంగతి మీకేం తెలుసు" అని మొదలుపెట్టేది. వినలేక చచ్చేవాళ్ళం.

రెండోవాడూ మగపిల్లాడే. మొదటిది తారుమారైంది సరే, ఈసారైనా తండ్రి పేరు పెడతాడని అందరం అనుకున్నాం. పట్టుకున్నాడు, పొయ్యి ముందు నిలబడ్డాడు.

"నినియన్" అన్నాడు.

తన పేరే పెట్టాడు. తండ్రిని దాటేసి తన పేరు! హొనోరా ఈసారి ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. నాకు అప్పుడే అనుమానం రావలసింది, రాలేదు. నేను ఇంగ్లీషుదాన్ని కదా, ఈ పేర్ల వరస నాకు మెట్టినింటి చదువు. ఐరిష్‌వాళ్ళకు అది పుట్టింటి చదువే.

కొన్ని వారాలకు ఇద్దరం నది దగ్గర బట్టలు ఉతుకుతున్నాం. హొనోరా ఒక చొక్కాను రాతికేసి బాదుతూనే ఉంది. మురికి వదిలింది, గుండీ వదిలింది, చెయ్యి చిరిగింది, అయినా ఆపదు.

"చంపేశావు, ఇక చాలు" అన్నాను.

"అక్కా, తండ్రంటే ప్రాణమున్న మనిషి తండ్రి పేరు కొడుక్కి ఎందుకు పెట్టడు?"

"కోపమేమో."

"కోపం లేదు. నిద్రలో కూడా నాన్నా అంటాడు. వాళ్ళ నాన్న కొయ్యతో చెక్కిచ్చిన గరిటె ఎట్లా ఉండేదో నాకు చేసి చూపించాడు."

"మరి?"

"ఇంకొక్కటే ఉంది. ఆ పేరు అప్పటికే పెట్టేశాడు."

హొనోరా నెమ్మదిగానే చెప్పింది. "పెద్దకొడుక్కి పెట్టేశాడక్కా. వాడు బతికున్నాడు. అందుకే మళ్ళీ పెట్టడు. నా కార్మక్ పెద్దకొడుకు కాదు. నేను మొదటి పెళ్ళాన్నీ కాదు."

ఆ మాటకు నాకు భయం వేసింది. దానికి కారణం ఉంది. కింది రేవులో ఒక కమ్మరి ఉండేవాడు. ఇక్కడ పెళ్ళి చేసుకుని పిల్లల్ని కన్నాక, ఇంగ్లండులో వాడికి భార్య ఉందని బయటపడింది. కోర్టువాళ్ళు పెళ్ళి చెల్లదన్నారు. వాణ్ణి మొదటి ఓడ ఎక్కించి పాత భార్య దగ్గరికి పంపేశారు. ఇక్కడి ఆడదానికి పేరు లేకుండా పోయింది. పిల్లల్ని తలా ఒక ఇంట్లో పనికి పెట్టారు. ఆ చిన్నదాన్ని, పాలు మరవని దాన్ని, దాని తల్లి చేతుల్లోంచి తీసుకోవడం మేమిద్దరం కళ్ళారా చూశాం. నినియన్ సంగతి బయటపడితే కార్మక్‌కీ, చిన్న నినియన్‌కీ పట్టే గతి అదే.

ఆ సాయంత్రం హొనోరా ఇంటికి వెళ్ళి, ఎడ్లకు గడ్డి వేస్తున్న మొగుడి వెనకాల నిలబడి ఒకే మాట అడిగిందట.

"వాడెక్కడున్నాడు?"

ఎవడు అని నినియన్ అడగలేదు. గడ్డి మోపు కింద పెట్టి, "క్రెయిగ్‌నార్‌లో" అన్నాడు. అక్కడి భార్య పేరు మారియన్. పిల్లవాడికి అప్పటికి ఇంకా నడక రాలేదు, గోడ పట్టుకుని నిలబడేవాడు. యుద్ధానికి బయలుదేరిన రోజు వాడు తండ్రి బూటు తాడు పట్టుకుని వదల్లేదట, వేళ్ళు ఒక్కొక్కటీ విడదీయాల్సి వచ్చిందట.

"మేజిస్ట్రేటు అడిగితే అడ్డు లేదన్నావే, నోరు ఎట్లా వచ్చింది నీకు?"

"ఆ సముద్రం దాటి ఎవడూ వెనక్కి పోలేదు. నేను వాళ్ళకు చచ్చినవాణ్ణే. నువ్వు దొరికావు. బతకాలనిపించింది" అన్నాడు.

"అయితే వాళ్ళూ నీకు చచ్చినట్టే. పెట్టు ఆ పేరు. పాస్టరు ఇంకా నీళ్ళు చల్లలేదు, చిన్నాడికి మార్చు."

"అది మాత్రం నా వల్ల కాదు. ఆ పేరు పెట్టానంటే వాణ్ణి నా చేత్తో పూడ్చినట్టే."

"మరి నేనెవర్ని? ఈ పిల్లలెవరు?"

నినియన్ గడ్డి మోపు మళ్ళీ ఎత్తి ఎడ్ల ముందు వేశాడట. నాకు ఇదంతా చెబుతున్నప్పుడు హొనోరాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోతోంది. విన్న నాకూ మండింది. యుద్ధం అతని తప్పు కాదు. బందీ కావడం తప్పు కాదు. ఆ మేజిస్ట్రేటు ముందు లేదన్న మాట మాత్రం అతనిదే.

హొనోరా అతన్ని పట్టించలేదు. పట్టిస్తే పోయేది తన పిల్లలే. కానీ ఒక మాట మీద కూర్చుంది. ఇంకో మగపిల్లాడు పుడితే ఫిన్లే అని పెట్టాలి. అందరి ముందూ, పొయ్యి ముందు, గట్టిగా. అప్పుడే తాను పెళ్ళాం. అప్పటి దాకా ఇంట్లో ఉంటుంది, వండుతుంది, అంతే. ఇక మాట్లాడాల్సి వస్తే ఆవుతో మాట్లాడేది.

"ఏమే ఎర్రీ, నీ యజమానికి జావ పొయ్యి మీద ఉందని చెప్పు. ఇంకొకరికి కూడా పంపాలంటే గిన్నె వేరే ఉందని చెప్పు."

నినియన్ వెళ్ళి జావ తినేవాడు. పాపం, ఆవు కూడా బక్కచిక్కింది. నేను ఇద్దరినీ తిట్టాను. ఆమెను, "ఎన్నాళ్ళే ఈ మూతి ముడుపు, ఆ సముద్రం అవతలి పిల్లవాడు ఏం చేశాడు నిన్ను?" అని తిట్టాను.

"వాడేం చెయ్యలేదక్కా. వాడున్నాడు, అదే చాలు" అంది.

అతన్ని, "ఒరే నినియన్, ఒక్క మాట కదా, అనేస్తే నోరు అరిగిపోతుందా?" అన్నాను.

"వదినా, పేరంటే ఒక్క మాటేనా? డంకన్ పేరు కుక్కకు పెట్టమంటే పెడతావా?" అన్నాడు.

అప్పటికి మా డంకన్ పోయి ఏడాది. మంచు మీద మాను జారి కింద పడ్డాడు. మాకు పిల్లలు లేరు. ఊళ్ళో సగంమందిని పుట్టించిన దాన్ని, నా ఇంట్లో ఒక్కటి నిలవలేదు. డంకన్ పేరు పెట్టుకోవడానికి ఎవరూ లేరు. నినియన్ ఆ మాట అన్నాక నేను మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

కాలం ఎవరి కోసమూ ఆగదు గనక వాళ్ళ కోపం కూడా కొంత అరిగింది. ఒక మంచు తుఫానులో ఇల్లు సగం పూడిపోతే, ఆవుతో కాకుండా మొగుడితోనే మాట్లాడాల్సి వచ్చింది. తర్వాత ఊనా పుట్టింది. పెద్దకూతురికి అమ్మమ్మ పేరు, చిక్కు లేదు. బిడ్డ ఆడపిల్ల అని చెప్పగానే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు. నేను తప్ప ఎవరూ గమనించలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు కడుపు పండలేదు. హొనోరా మాట హొనోరా దగ్గరే ఉంది, నినియన్ మాట నినియన్ దగ్గరే ఉంది. గుర్రపు బండి చప్పుడైనా, కొత్త ముఖం కనిపించినా ఆమె కార్మక్‌ను దగ్గరికి లాక్కునేది. ఎవరో స్కాట్లండు నుంచి వచ్చి నోరు జారతారని భయం.

అనుకున్నట్టే ఒకడు వచ్చాడు. వాట్ రిడ్డక్ అని, పీపాలు చేసేవాడు. కింది రేవులో కొట్టు పెట్టాడు. అతనిది క్రెయిగ్‌నార్ పక్క ఊరని ఎవరో అనగా హొనోరా వింది. అప్పటికి ఆమె మళ్ళీ నెల తప్పి ఉంది. పొద్దున్నే నా గుమ్మంలోకి వచ్చింది, చేతిలో పొగబెట్టిన పాముచేపలు.

"అక్కా, నాతో రా."

"ఎక్కడికి?"

"ఆ పీపాలవాడి దగ్గరికి. వాడు ఈయన్ని చూడకముందే నేను వాణ్ణి చూడాలి."

"చూసి ఏం చేస్తావు, పీపాలో పెట్టి మూత వేస్తావా?"

"అవసరమైతే వేస్తా" అంది. ముఖం చూస్తే అన్నంత పనీ చేసేట్టే ఉంది. కాదనలేక వెళ్ళాను.

వాట్ రిడ్డక్ కబుర్ల పుట్ట. చేపలు చూడగానే ముఖం విప్పారింది. హొనోరా అటూ ఇటూ తిప్పి అడిగింది. మా ఊళ్ళో ఒక ముసలాయన ఉన్నాడనీ, క్రెయిగ్‌నార్‌లో మారియన్ గార్వీ అనే బంధువు గురించి బెంగపడుతున్నాడనీ చెప్పింది.

"మారియనా? ఏ కాలం నాటి మాటమ్మా అది! డన్‌బార్‌కి మొగుడు పోయాడు చూడు, ఆ చలికాలమే పోయింది. సైనికులు గాదెలు తగలబెట్టారు, వెనకాలే జ్వరాలు వచ్చాయి. నేను అప్పటికి చిన్నవాణ్ణి, మా అమ్మే శవానికి స్నానం చేయించింది."

హొనోరా గోడ పట్టుకుంది. నేను ఆమె నడుం పట్టుకున్నాను. ఆ చలికాలమే అంటే, నినియన్ ఇంకా ఈ నేల మీద కాలు పెట్టిందీ లేదు. మేజిస్ట్రేటు ముందు అతను లేదన్నప్పుడు నిజంగానే అడ్డు లేదు. అబద్ధమాడాననుకున్నాడు, తెలియకుండానే నిజం చెప్పాడు.

"ఒక పిల్లవాడు ఉండాలి కదా?" అన్నాను నేను.

"ఫిన్లేనా? ఉండేవాడు. ఎర్రజుట్టు వాడు. వాడి బాబాయి గొర్రెలు కాయడానికి పెట్టుకున్నాడు. కొట్టేవాడు లెండి, మంచివాడు కాదు. వాడు ఎడమచేత్తో రాయి విసిరితే గురి తప్పేది కాదు. తర్వాత ఆ బాబాయి కౌలు పోగొట్టుకుని ఎటో వెళ్ళాడు, వీణ్ణీ తీసుకెళ్ళాడు. ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో, నాకు తెలియదు."

దారిలో హొనోరా ఒక మొద్దు మీద కూలబడింది. మొదట నవ్వింది. "నేను పెళ్ళాన్నే అక్కా. మొదటి నుంచీ పెళ్ళాన్నే. నా పిల్లల్ని ఎవరూ ఏమీ చేయలేరు." నాకూ నవ్వొచ్చింది, ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాం. తర్వాత ఆమె ఖాళీ చేపల బుట్టను ఒళ్ళో పెట్టుకుని దాని అంచు పీకుతూ కూర్చుంది.

"వాడికి తల్లి లేదట" అంది.

నేను బుట్ట ఆమె ఒళ్ళోంచి తీసుకున్నాను.

"ఇన్నేళ్ళూ నేను తిట్టింది తల్లి లేని పిల్లాణ్ణి. ఎవడి చేతనో దెబ్బలు తింటున్నవాణ్ణి."

ఇంటికి వెళ్ళి మొగుడికి అంతా చెప్పింది, ఒక్క మాట దాచకుండా. అతను ఎడ్ల మెడ మీద కాడి పెడుతూ ఉన్నాడట. కాడి అలా ఎత్తి పట్టుకునే నిలబడ్డాడు. మారియన్ పోయిందంటే తల ఊపాడు. చివరికి ఒకటే అడిగాడు.

"ఎడమచేత్తోనా?"

"ఎడమచేత్తోనే. గురి తప్పదట."

నదిలో చేపలు ఎదురెక్కే వసంతంలో ఆమెకు నొప్పులు వచ్చాయి. వయసు మీద పడ్డ కాన్పు, నన్ను ఏడిపించింది. మర్నాడు మధ్యాహ్నానికి మగపిల్లాడు పుట్టాడు, గొంతు తల్లిదే. ఆడవాళ్ళు నొప్పుల బీరు తాగి కళ్ళు ఎర్రబడి గోడల వెంట కూర్చున్నారు. నేను బిడ్డను తుడిచి, చుట్టి, నినియన్‌ను పిలిచాను. లోపలికి వచ్చాడు. అప్పటికి జుట్టు నెరిసింది. బిడ్డను తీసుకుని పొయ్యి ముందు నిలబడ్డాడు. హొనోరాకూ నాకూ తప్ప ఆ గదిలో ఎవరికీ ఆ నిమిషం విలువ తెలియదు. అతను మొదట పెళ్ళాం వైపు చూశాడు.

"నిన్ను చాలా ఏడిపించాను" అన్నాడు.

తర్వాత బిడ్డ వైపు చూసి పెదవులు తడుపుకున్నాడు. "ఫిన్లే" అన్నాడు.

ఆ మాట మెల్లగా వచ్చింది. గట్టిగా అనడానికి మళ్ళీ నోరు తెరిచాడు.

"ఆగు" అంది హొనోరా. మంచం మీంచి లేవలేక మోచేతి మీద వాలింది. "అదేం పేరయ్యా పెడుతున్నావు? ఆ పేరుగలవాడు మనింట్లో ఒకడున్నాడు కదా. బతికున్న అన్న పేరు తమ్ముడికి ఎట్లా పెడతాం?"

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బాలింత సంధి మాటలనుకున్నారు. నినియన్ బిడ్డను కింద పడేస్తాడేమోనని దగ్గరికి వెళ్ళాను.

"మరి వీడికి?" అన్నాడు.

"డంకన్ అని పెట్టు. దమారిసక్క మొగుడి పేరు ఊరికే పోతోంది" అంది.

నేను నీళ్ళ తొట్టి వైపు తిరిగి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాను. అప్పటికే కడిగిన చేతులు. ఎన్నో కాన్పులు చేశాను, ఎప్పుడూ ఏడవలేదు. ఆ రోజు ఏడ్చాను. నినియన్ కూడా ఏడ్చాడు, అందరి ముందూ, సిగ్గు లేకుండా. ఆ యుద్ధం గురించి, ఆ నడక గురించి ఒక్క చుక్క రాల్చని మనిషి.

డంకన్ ఇప్పుడు మిల్లులోనే ఉన్నాడు, నా ఇంటి కప్పు ఏటా వాడే బాగుచేస్తాడు. ఫిన్లే రాలేదు. కబురూ లేదు. తల్లీతండ్రీ మాట్లాడుకుని మిగిలిన పిల్లలకు ఆ సంగతి చెప్పలేదు. కోర్టు భయం పోయినా, మేజిస్ట్రేటు ముందు ఆడిన మాటకు సిగ్గు అతన్ని వదల్లేదు.

మొన్న నినియన్‌ను గోతిలోకి దించాక, మావాళ్ళ పద్ధతి ప్రకారం పోయినవాడి భార్య తన పిల్లలను పెద్దవాడితో మొదలుపెట్టి వరసగా పేరుపేరునా పిలవాలి. పేరు పిలిపించుకున్నవాళ్ళు వచ్చి గుప్పెడు మట్టి వేయాలి. కార్మక్ ముందుకు వచ్చి సిద్ధంగా నిలబడ్డాడు, ఇంటికి పెద్దకొడుకు తనే అనుకుని.

"ఫిన్లే" అంది హొనోరా.

ఎవరూ కదల్లేదు. కార్మక్ తల్లి ముఖం వైపు చూశాడు. ఊళ్ళో మాటకారులందరూ మెడలు సాచారు. హొనోరా నెమ్మదిగా వంగి, తనే గుప్పెడు మట్టి తీసి, ఎడమచేత్తో వేసింది.

కొత్తగా వచ్చిన పాస్టరుగారు దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి, "అమ్మా, ఇంకొకరు కూడా ఉన్నారా?" అని అడిగారు.

"పెద్దాడయ్యా" అంది హొనోరా. "దూరాన ఉన్నాడు, రాలేకపోయాడు."

తర్వాత కార్మక్‌ను పిలిచింది.